ముందు చక్రాల్లో మారిన కాలం

1958లో బ్రిటన్‌లో ఆస్టిన్-హీలీ స్ప్రైట్ అనే చిన్న రెండు సీట్ల కారు వచ్చింది. బానెట్ మీద పొడుచుకొచ్చిన దీపాల వల్ల జనం దానికి కప్పకళ్ల కారని పేరు పెట్టారు. ఇంజను 948 సీసీ, బరువు దాదాపు 660 కిలోలు, నాలుగు చక్రాలకూ ఏడంగుళాల డ్రమ్ము బ్రేకులు. ఆ బరువుకూ ఆనాటి వేగానికీ అవి చాలేవి. ఇవాళ ఆ కారును రేసు ట్రాకుల మీదా కొండదారుల్లోనూ గట్టిగా తోలేవాళ్లు చాలామంది ముందు డ్రమ్ములు తీసేసి డిస్కులు పెట్టుకుంటున్నారు. ఆ డిస్కులు పరాయి కారువి కావు, అదే కుటుంబంలో నాలుగేళ్ల తర్వాత పుట్టిన తమ్ముడివి. అయితే డిస్కు బ్రేకు అక్కడిదాకా రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

బర్మింగ్‌హామ్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే లోహపు బిళ్లను రెండువైపుల నుంచీ నొక్కి ఆపాలన్నది ఆయన ఆలోచన. కానీ రాగి లైనింగు ఆ బిళ్లకు రాసుకుంటే చెవులు చిల్లులు పడేంత కీచుమోత వచ్చేది. అదే కాలంలో ఫ్రాన్సులో లూయీ రెనో తెచ్చిన డ్రమ్ము బ్రేకు పైచేయి సాధించింది. డ్రమ్ములో షూలు లోపలినుంచి ఒత్తుకుంటాయి. తిరుగుతున్న డ్రమ్మే షూను లాక్కుని పట్టు పెంచుతుంది కాబట్టి పెడల్‌ను బలంగా తొక్కే పని లేదు.

చిక్కంతా వేడితోనే వచ్చింది. బ్రేకు వేయడమంటే కారు వేగాన్ని వేడిగా మార్చడం. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. బాగా కాలిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, లైనింగు పట్టు సడలుతుంది, పెడల్ కిందికి పోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మన డ్రైవర్లు గేరు తగ్గించి ఇంజనుతోనే బండిని పట్టి ఉంచేది ఇందుకే. డిస్కుకు నేరుగా గాలి తగులుతుంది, త్వరగా చల్లారుతుంది. వేడికి ఉబ్బినా దాన్ని నొక్కే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది.

విమానాలకు డిస్కు బ్రేకులు చేసిన డన్‌లప్ కంపెనీతో కలిసి జాగ్వార్ 1950ల మొదట్లో వాటిని రేసు కారుకు అమర్చింది. పరీక్షల భారాన్ని ఎక్కువగా జాగ్వార్ టెస్టు డ్రైవరు నార్మన్ డ్యూయిస్ మోశాడు. 1952లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో స్టర్లింగ్ మాస్ డిస్కులున్న సి-టైప్‌తో గెలిచాడు. మరుసటి ఏడు ల మాన్ 24 గంటల రేసులో సి-టైప్‌లు మొదటి, రెండవ, నాలుగవ స్థానాలు దక్కించుకున్నాయి. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన కారు గంటకు సగటున 170 కిలోమీటర్లు దాటింది. అంతకంటే బలమైన ఇంజన్లున్న ఫెరారీలు ఆ రేసులోనే ఉన్నాయి. పొడవాటి ముల్సాన్ దారి చివరి మలుపు ముందు ఫెరారీ డ్రైవర్లు ఎప్పుడో బ్రేకు తొక్కాల్సి వస్తే, జాగ్వార్లు ఇంకా దూసుకుపోయేవి. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే: ఆపగలిగే శక్తే జాగ్వార్లకు వేగాన్నిచ్చింది.

అక్కడినుంచి మామూలు కొనుగోలుదారుకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1956లో ట్రయంఫ్ టీఆర్3కి ముందు చక్రాలకు గర్లింగ్ డిస్కులొచ్చాయి. 1962లో 1098 సీసీ ఇంజనుతో పాటు స్ప్రైట్‌కూ వచ్చాయి. కప్పకళ్ల కారు యజమానులు ఇప్పుడు తెచ్చి బిగించుకునేది ఈ 1962 నాటి అమరికనే. అయితే డిస్కు మార్చగానే పని అయిపోదు. డ్రమ్ములా తనంతట తాను పట్టు పెంచుకునే గుణం డిస్కుకు లేదు, ఎక్కువ ఒత్తిడి కావాలి. కాబట్టి మాస్టర్ సిలిండర్ దానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి.

తర్వాత వచ్చిన తమ్ముడి డిస్కులు పాత కారుకు బిగించుకునే ఇదే కథ ఓ జపాన్ కారుతో ఇంకోసారి నడిచింది. బ్రిటిష్ చిన్నకార్ల ఒరవడిలోనే మాజ్దా చేసిన ఎంఎక్స్-5 1989లో షికాగో ప్రదర్శనలో కనిపించింది. దానికి నాలుగు చక్రాలకూ డిస్కులే. 1.6 లీటర్ల కారులో ముందు డిస్కు 235 మిల్లీమీటర్లు, వెనుకది 231. 1.8 లీటర్ల ఇంజను వచ్చాక అవి 255, 251 అయ్యాయి. గమనించండి, ముందువి మాత్రమే కాదు, వెనుకవీ పెరిగాయి. ముందు, వెనుక చక్రాలు బ్రేకు భారాన్ని పంచుకునే లెక్క చెడకుండా కంపెనీ ఆ జాగ్రత్త తీసుకుంది. పాత 1.6 కార్లవాళ్లు ఈ డిస్కులనూ వాటి బ్రాకెట్లనూ తెచ్చి బిగించుకుంటారు. పాత 14 అంగుళాల చక్రాల్లోనే అవి ఇముడుతాయి. ముందు చక్రాలకు మాత్రమే, ప్యాడ్లను నొక్కే భారీ కాలిపర్లు బిగించే ఖరీదైన కిట్లకంటే ఇదే మేలని నా అభిప్రాయం. తేలిక కారు చక్రానికి అనవసరపు బరువు తగిలిస్తే దాని చురుకుదనమే పోతుంది.

నిజానికి చక్రాలు లాకయ్యేంత బలం పాత బ్రేకులకే ఉంటే, ఒక్కసారి ఆగే దూరాన్ని తగ్గించేది టైర్లే. పెద్ద డిస్కు పనికొచ్చేది మళ్లీ మళ్లీ గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడు. అందుకే ముందు మంచి టైర్లు, మంచి ప్యాడ్లు, కొత్త హోస్ పైపులు వేయించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణం ప్రకారం డాట్ 4 ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కొత్తలో కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పట్టాక ఆ కనీసం 155. కాబట్టి పాత ఆయిల్‌ను పూర్తిగా మార్పించండి. ఇంకొక్క మాట: ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. పాత డ్రమ్ము విప్పినప్పుడు లోపలి పొడిని గాలితో ఊదకండి, తడిపి తుడవండి.