శ్రీబాగ్ ఒడంబడిక - ఆంధ్ర హైకోర్టు తొలిదశ: చంద్రగిరి నుంచి ఒక పరిశీలన

అరవీటి రాజుల కాలంలో రాజధానిగా వెలిగిన చంద్రగిరికి బ్రిటిషు పాలనలో ఉన్నత న్యాయస్థానం చెన్నపట్నమే. అక్కడి సుప్రీంకోర్టు, సదర్ అదాలతు విలీనమై 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడింది. ఈ ప్రాంతపు అప్పీళ్లు తొమ్మిది దశాబ్దాలపాటు అక్కడికే వెళ్లాయి.

రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాలో, మరొకటి రాయలసీమలో ఉండాలనీ, ఎంపిక సీమదేననీ 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక నిర్ణయించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు కర్నూలు రాజధాని అయింది. హైకోర్టు ఏర్పడేవరకు మద్రాసు హైకోర్టు అధికారమే కొనసాగింది. 1954 జూలై 5న కోకా సుబ్బారావు ప్రథమ ప్రధాన న్యాయమూర్తిగా గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది. చంద్రగిరి కక్షిదారుకు అది సొంత రాష్ట్రపు న్యాయస్థానమే గాని, చెన్నపట్నం కన్నా దూరం.

1956 నవంబరులో రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాదుకు చేరడంతో ఒడంబడికలోని సమతూకం చెదిరింది. 2019 జనవరి 1న అమరావతిలో హైకోర్టు ఏర్పడ్డాక కూడా సీమ వాటా ప్రశ్న మిగిలే ఉంది. అందువల్ల ఈ న్యాయస్థానపు తొలి చరిత్రను తీర్పుల చరిత్రగానే గాక, రెండు ప్రాంతాల మధ్య కుదిరిన మాట చరిత్రగా కూడా అధ్యయనం చేయవలసి ఉంది.