కంపెనీ ప్రైవసీ లాయర్: మీ డేటా ఫిర్యాదు చేరేది వీరి దగ్గరికే.. కానీ వీరు మీ లాయర్ కాదు

ఎప్పుడో లోన్ కోసం వివరాలిచ్చి వదిలేసిన యాప్ నుంచి ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయా? ‘నా డేటా తొలగించండి’ అని మీరు పెట్టే మెయిల్ పెద్ద కంపెనీల్లో అయితే కస్టమర్ కేర్ దాటి ప్రైవసీ లాయర్ టేబుల్ మీదికి వెళ్తుంది. వారి పనేంటో తెలిస్తే మీరు అడగాల్సింది సూటిగా అడగొచ్చు.

వీరేం చేస్తారు?

వీరు కంపెనీ జీతం తీసుకునే న్యాయ నిపుణులు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పూర్తికాల ఉద్యోగిగా ఉంటూ కోర్టులో ప్రాక్టీస్ చేయకూడదు. కాబట్టి వీరి పనంతా ఆఫీసులోనే. కొత్త ఫీచర్ వచ్చే ముందు ‘దీనికి యూజర్ కాంటాక్టులు ఎందుకు?’ అని ఇంజినీర్లను నిలదీయాలి. సమ్మతి నోటీసులు రాయాలి. మీ డేటా చేరే కాల్ సెంటర్లు, క్లౌడ్ సంస్థలతో ఒప్పందాలు సరిచూడాలి. ఏ వివరాలు ఎన్నాళ్లు ఉంచాలో తేల్చాలి.

డేటా లీకైతే?

అసలు పరీక్ష అప్పుడే. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన గుర్తించిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలపాలి. ‘ఇంకా నిర్ధారణ కాలేదు, ఆగుదాం’ అని యాజమాన్యం అంటే, కుదరదని చెప్పాల్సింది ఈ లాయరే.

కొత్త డీపీడీపీ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక బాధితులకు కూడా ఆలస్యం లేకుండా చెప్పాలి. ఏం లీకైంది, దానివల్ల ఏం జరగొచ్చు, మీరు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నవి అందులో ఉండాలి. డేటా ప్రొటెక్షన్ బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో అందాలి. దాచిపెడితే రూ.200 కోట్ల వరకు, భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే రూ.250 కోట్ల వరకు జరిమానా ఉంటుంది. కంపెనీలో లాయర్ మాటకు బలమిచ్చేది ఈ అంకెలే.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది?

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. డీపీడీపీ చట్టం 2023 ఆగస్టులో, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీలపై ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే అవి 2027 మేలో మొదలవుతాయి. అప్పటిదాకా 2011 నాటి ఐటీ నిబంధనలే దిక్కు. వాటి ప్రకారం కంపెనీ తన వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, చిరునామా పెట్టాలి. ఫిర్యాదును నెలలోగా పరిష్కరించాలి.

మీరేం చేయాలి?

- యాప్‌లోని ప్రైవసీ పాలసీ చివర గ్రీవెన్స్ ఆఫీసర్ ఈమెయిల్ వెతకండి. ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా రాతపూర్వకంగా అడగండి.
- నా దగ్గర ఏం తీసుకున్నారు, ఎవరికిచ్చారు, ఎప్పుడు తొలగిస్తారు.. ఈ మూడు ప్రశ్నలు విడివిడిగా రాయండి.
- సమ్మతి వెనక్కి తీసుకుంటున్నట్టు స్పష్టంగా చెప్పండి.
- తేదీలతో స్క్రీన్‌షాట్లు దాచుకోండి. కొత్త చట్టం కింద బోర్డుకు వెళ్లాలంటే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి ఉండాలి. జవాబివ్వడానికి కంపెనీకి గరిష్ఠంగా 90 రోజుల గడువు ఉంటుంది.

అన్నీ తొలగిస్తారని అనుకోవద్దు. ఉదాహరణకు, ఖాతా మూసేసినా మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద బ్యాంకులు కేవైసీ వివరాలను 5 ఏళ్లు ఉంచాలి. కొత్త చట్టంలో నోటీసును తెలుగులో చదువుకునే అవకాశం కూడా ఇవ్వాలి.

ఇది గుర్తుంచుకోండి

ఆ లాయర్ ఎంత మర్యాదగా జవాబిచ్చినా పనిచేసేది కంపెనీ తరఫునే. మీరు రాసిన ప్రతి మాటా కంపెనీ రికార్డులోకి వెళ్తుంది. బోర్డు వేసే జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది తప్ప మీ చేతికి రాదు. పైగా డేటా నష్టానికి పరిహారం కోరే వీలున్న ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను కొత్త చట్టం తొలగిస్తోంది. కాబట్టి నష్టం జరిగాక పోరాడటం కన్నా, అవసరం లేని అనుమతిని మొదట్లోనే నిరాకరించడం మేలు.

ఈ ఉద్యోగంలోకి వెళ్లాలంటే?

ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్ల లా కోర్సు చదవాలి. తెలుగు రాష్ట్రాల్లో టీజీ లాసెట్, ఏపీ లాసెట్ ద్వారా చేరొచ్చు. చట్టంతో పాటు సర్వర్లు, ఎన్‌క్రిప్షన్, యాక్సెస్ లాగ్‌ల గురించి ఇంజినీర్‌తో మాట్లాడగలిగేంత అవగాహన ఉండాలి.