నెత్తురు తీసే ముందు చెప్పాల్సిన మాట

సామర్లకోట పక్కనే ఉన్న పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, భారతదేశానికి వచ్చి స్థిరపడిన బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌కు శిష్యుడయ్యాడు. పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై ఆయన రాసిన వ్యాసం 1963లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో వచ్చింది. ఆ కాలంలో ఇలాంటి అధ్యయనాలకు తొలి ఆధారం కుటుంబం చెప్పే వరసలే. మీ ఆయన మీకేమవుతారు? మేనబావా, మేనమామా? మేనబావ అయితే, బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒక వంతు. మేనమామ అయితే ఎనిమిదింట ఒక వంతు.

అయితే ఆ లెక్క కుటుంబానికి ఏ భాషలో, ఎలా చెప్పాలి? అమెరికాలో షెల్డన్ రీడ్ 1947లోనే ఈ పనికి జెనెటిక్ కౌన్సెలింగ్ అని పేరు పెట్టాడు. మన దేశంలో ఆ బాధ్యతను చట్టంలో స్పష్టంగా రాసింది 1994 నాటి గర్భస్థ పరీక్షల చట్టం. గర్భిణికి పరీక్ష వల్ల కలిగే ఇబ్బందులన్నీ వివరించాలి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, దాని నకలు ఆమె చేతికివ్వాలి అంది.

హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ వంటి డీఎన్ఏ పరీక్షా సంస్థలు వచ్చాక ఒక జబ్బు, ఒక జన్యువు, ఒక జవాబు అన్న పద్ధతి నడిచింది. అప్పుడు కుటుంబానికి ప్రధానంగా చెప్పాల్సింది ఒకటే: ఇద్దరూ వాహకులైతే, అంటే ఒకే లోపపు జన్యువు ఒక్కో ప్రతిని మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ ప్రమాదం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు.

పూర్తి జీనోమ్ పరీక్ష ఈ పరిధినే చెరిపేసింది. అందులో చదివేది సుమారు 300 కోట్ల డీఎన్ఏ అక్షరాలు. ప్రామాణిక జీనోముతో పోలిస్తే ఒక్కో మనిషిలో తేడాలు 40 నుంచి 50 లక్షలు. కారణం దొరకవచ్చు, దొరక్కపోవచ్చు, ఒక తేడా కనిపించినా దాని అర్థం ఇప్పట్లో తేలకపోవచ్చు. బిడ్డ మూర్ఛకు కారణం వెతుకుతుంటే తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు బయటపడవచ్చు. ఇలా అనుకోకుండా తేలినా తెలియజేయదగ్గ 56 జన్యువుల జాబితాను అమెరికాలోని వైద్య జన్యుశాస్త్ర నిపుణుల సంస్థ ఏసీఎంజీ 2013లో ప్రకటించింది. తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి నమూనాలూ చూసినప్పుడు పితృత్వం గుట్టు కూడా రట్టు కావచ్చు. వీటిలో ఏది తెలుసుకోవాలి, ఏది వద్దు అన్నది కుటుంబం ముందే తేల్చుకోవాలి. ఫలితం చేతికొచ్చాక ఆ అవకాశం ఉండదు.

"మాది మేనరికం కాదు కదా" అన్న ధీమా కూడా చాలదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త తంగరాజ్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశీలించిన 260కి పైగా దక్షిణాసియా సమూహాల్లో 81 సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగినట్టు బలమైన గుర్తులు కనిపించాయి. తరతరాలుగా కులంలోనే పెళ్ళిళ్ళు జరుగుతుంటే దగ్గరి చుట్టరికం లేని దంపతులు కూడా ఒకే లోపాన్ని మోయవచ్చు. 2025 జనవరిలో అందుబాటులోకి వచ్చిన జీనోమ్ ఇండియా పదివేల జీనోముల సమాచారం ఇలాంటి తేడాల అర్థం తేల్చడానికి తోడ్పడుతుంది.

గోదావరి జిల్లాల్లో బిడ్డకు జబ్బంటే మొదటి నింద తల్లి మీదే పడుతుంది. ఆడపిల్ల పెళ్ళి చెడుతుందన్న భయంతో అక్కచెల్లెళ్ళ పరీక్షలు ఆగిపోతాయి. రెండు ప్రతులూ చేరితేనే జబ్బు తెచ్చే లోపపు జన్యువులు కొన్ని దాదాపు ప్రతి మనిషిలోనూ ఉంటాయన్న నిజం అత్తమామల ఎదుటే, పరీక్షకు ముందే చెబితే ఆ నింద బలం తగ్గుతుంది. అందుకే ఈ సంభాషణ గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ చేరాక మొదలయ్యేది కాకూడదు. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలోనే, తెలుగులో, ప్రశ్నలడగడానికి తీరిక ఇస్తూ జరగాలి. పరీక్ష ఎంత విస్తరిస్తే దాని ముందు మాట అంత పెరగాలన్నదే ఈ అరవై ఏళ్ళ చరిత్ర నేర్పుతున్నది.