ఏసీ వేస్తే లారీ ఇంజిన్ హీట్ ఎక్కుతుందా? ముల్లు పైకి లేస్తే అసలు తప్పు ఎక్కడుంది?

మధ్యాహ్నం రెండు గంటలు.. బయట 44 డిగ్రీల ఎండ.. ఫుల్ లోడుతో వెళ్తున్న లారీ. డ్రైవర్ ఏసీ వేశాడు. కాసేపటికి టెంపరేచర్ ముల్లు పైకి కదిలింది. వెంటనే ఓనర్ మాట గుర్తొచ్చింది.. 'ఏసీ వేయకు, బండి హీట్ అవుద్ది' అని. అంతే.. ఏసీ బంద్, అద్దాలు కిందకి. మిగతా దారంతా వడగాలిలోనే.

లారీ నడిపేవాళ్లకు ఇది కొత్త కథ కాదు. ఇకపై ఇంకా ఎక్కువ మందికి ఎదురవుతుంది కూడా. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 కేటగిరీ బండ్లకు.. అంటే లోడుతో కలిపి మొత్తం బరువు 3.5 టన్నులు దాటే సరుకు వాహనాలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి. దీనిపై కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023 డిసెంబర్‌లోనే నోటిఫికేషన్ ఇచ్చింది.

మరి ఏసీ వల్ల ఇంజిన్ నిజంగానే వేడెక్కుతుందా? కొంచెం ఎక్కుతుంది. కానీ కండిషన్‌లో ఉన్న పెద్ద లారీలో ఆ తేడా ముల్లు మీద పెద్దగా కనిపించదు. ముల్లు గట్టిగా లేచిందంటే మాత్రం కూలింగ్ సిస్టమ్ ముందే బలహీనపడిందని అర్థం. ఏసీ దాన్ని బయటపెట్టింది, అంతే.

ఏసీకి, రేడియేటర్‌కు లింకేంటి?

ఏసీ కంప్రెసర్ తిరిగేది ఇంజిన్ బెల్టు మీదే. దానికి కావాల్సింది కొన్ని హార్స్‌పవర్‌లే. 200 హార్స్‌పవర్ ఇంజిన్‌కు అదో లెక్క కాదు. చిన్న ట్రాలీ ఆటోల్లాంటి బండ్లకైతే ఆ భారం బాగానే తెలుస్తుంది.

అసలు సంగతి ముందు భాగంలో ఉంది. క్యాబిన్‌లోంచి లాగిన వేడిని బయటకు వదిలే కండెన్సర్ సాధారణంగా రేడియేటర్‌కు ముందే ఉంటుంది. దాన్ని దాటి వచ్చిన వేడిగాలే రేడియేటర్‌కు అందుతుంది.

చిన్న లెక్క చూద్దాం. కూలెంట్ 90 డిగ్రీలు, బయటి గాలి 30 డిగ్రీలు ఉంటే తేడా 60. ఈ తేడా ఎంత ఎక్కువుంటే రేడియేటర్ అంత బాగా వేడిని వదులుతుంది. ఎండాకాలంలో గాలి 45కు చేరితే తేడా 45కు పడిపోతుంది. అంటే పావు వంతు శక్తి పోయినట్టే. దాని మీద కండెన్సర్ ఇంకో 5 డిగ్రీలు కలిపిందనుకున్నా తేడా 40. ఎండ 15 లాగేస్తే ఏసీ లాగింది 5. తిట్లు మాత్రం ఏసీకే!

మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఇంజిన్ హాయిగా పనిచేస్తుంది. వేడి పెరిగితే ఫ్యాన్ క్లచ్ పట్టుకుని ఫ్యాన్ స్పీడుగా తిరుగుతుంది. అప్పుడు వచ్చే 'హోరు' మంచిదే, కంగారు పడక్కర్లేదు. ముల్లు పైకి పోతున్నా ఆ హోరు వినిపించకపోతేనే ఫ్యాన్ క్లచ్‌ను అనుమానించాలి.

దొంగ ఎక్కడ దాక్కుంటాడు?

ఎక్కువగా కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. వెనక సందులో మాత్రం దుమ్ము, పురుగులు, కోతల సీజన్‌లో గడ్డీ పొట్టూ, జిన్నింగ్ మిల్లుల వైపు తిరిగే బండ్లలో దూది పీచు మెత్తలా పేరుకుపోతాయి. గాలి వెళ్లే దారే మూసుకుపోతుంది. కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటకు, తక్కువ ప్రెషర్‌తో నీళ్లు కొట్టాలి. సర్వీసింగ్ సెంటర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రేకులు వంగిపోతాయి.

రెండోది బోరు నీళ్లు. కూలెంట్ తగ్గిన ప్రతిసారీ దొరికిన నీళ్లు పోస్తే లోపల ఉప్పు గార కడుతుంది. ఇక రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు. అది ఒక బార్ ఒత్తిడి ఆపగలిగితే నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పోతే వంద దగ్గరే మరుగుతాయి. తక్కువ ఖర్చుతో పోయే మూత హెడ్ గ్యాస్కెట్ దాకా తెస్తుంది.

ఘాట్‌లో ఏం చేయాలి?

దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కేటప్పుడో, మారేడుమిల్లి మలుపుల్లోనో స్పీడ్ ఉండదు, ఎదురుగాలి ఉండదు, లోడు మాత్రం పూర్తిగా ఇంజిన్ మీదే. ఇక్కడ పెద్ద గేరులో ఈడ్చుకుంటూ పోవద్దు. ఒక గేరు తగ్గిస్తే ఇంజిన్ తిరుగుడు పెరిగి వాటర్ పంపు, ఫ్యాన్ కూడా స్పీడవుతాయి. అయినా ముల్లు దిగకపోతే అప్పుడు ఏసీ ఆపండి. చాలా కొత్త బండ్లలో వేడి హద్దు దాటితే కంప్యూటరే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఏసీ చెడిపోయిందని అపార్థం చేసుకోవద్దు.

ఎరుపు గీత దగ్గరికొస్తే పక్కకు ఆపి, హీటర్ ఉంటే ఫుల్‌గా పెట్టి, లోడు లేకుండా ఇంజిన్‌ను కాసేపు తిరగనివ్వాలి. ఆవిరి వస్తున్నా, కూలెంట్ కారుతున్నా మాత్రం వెంటనే ఇంజిన్ ఆపేయాలి. మూత జోలికి వెళ్లొద్దు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ మొహం మీదకు చిమ్ముతుంది. కాలిన ఇంజిన్ మీద చన్నీళ్లు పోస్తే లోహం పగలొచ్చు.

ఇంకో మోసం ఉంది. పైకి వెళ్లిన ముల్లు ఒక్కసారిగా కిందకు పడిపోతే బండి చల్లబడిందని సంబరపడొద్దు. కూలెంట్ పూర్తిగా తగ్గి, సెన్సర్‌కు తగలకపోయినా ముల్లు అలాగే పడుతుంది. ఆ పరిస్థితిలో ఇంకా నడిపితే ఇంజిన్ పట్టేసే ప్రమాదం ఉంది.

పాత లారీకి ఏసీ పెట్టించాలనుకునేవాళ్లకు ఒక మాట. టాప్ మీద బిగించే 24 వోల్టుల ఎలక్ట్రిక్ ఏసీలకు సొంత కండెన్సర్ ఉంటుంది కాబట్టి రేడియేటర్‌కు వేడిగాలి తగలదు. భారమంతా ఆల్టర్నేటర్, బ్యాటరీల మీదే. రాత్రి దాబా దగ్గర ఇంజిన్ ఆపి ఏసీ వేసుకుని పడుకునేముందు, బ్యాటరీ ఎన్ని గంటలు లాగుతుందో ఎలక్ట్రీషియన్‌ను అడిగి పెట్టుకోండి. లేదంటే తెల్లారి సెల్ఫ్ తిరగదు.