పాత వెండినాణెం చెప్పే కథ



ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే ముందుగా బయటికొచ్చేది వెండి పెట్టె. అవ్వగారి కడియాలు, పిల్లవాడి మొలతాడు, సొట్టపోయిన ఉగ్గుగిన్నె, వాటి అడుగున నాలుగు పాత నాణేలు – అన్నీ మూటగట్టి అంగడికి పట్టుకెళ్తాం. ఆచారి తూకం వేసి, తరుగు తీసి, మూసలో వేస్తాడు. కడియాలు కరిగితే కొత్త పట్టీలు వస్తాయి. నాణెం కరిగితే మాత్రం వెండి మిగులుతుందే గాని, దానిమీది చరిత్ర మిగలదు. ఆ చరిత్ర ఎంత దూరం నుంచి వచ్చిందో చూడండి.

మన సీమలో జొన్నగిరి, రామగిరి వైపు బంగారం ఉంది. తొలకరి పడితే కర్నూలు జిల్లా పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్ళు ఈనాటికీ బయలుదేరుతారు. వెండి గనులు మాత్రం మనకు లేవు. విజయనగర రాజులు బంగారు వరహాలు, రాగి నాణేలు విరివిగా వేయించారు. ‘తార’ అనే చిన్న వెండినాణెం కొద్దిగానే వేయించారు. మరి మన పెట్టెల్లోకి ఇంత వెండి ఎక్కడిది? చాలావరకు పడమటి దేశాలనుంచి ఓడలమీద వచ్చిందే.

మొదట వచ్చినవి రోమను నాణేలు. నల్గొండ జిల్లా అక్కనపల్లెలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండినాణేలు ఏకంగా 1531 దొరికాయి. మన కడప జిల్లా అత్తిరాలలోను, నంద్యాలలోను రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి.

రోము పడిపోయాక యూరప్‌లో బంగారం అరుదై, వెండే రాజ్యమేలింది. షార్లమేన్ రాజు కాలంలో, అంటే 793 ప్రాంతాల్లో, ఒక పౌను వెండికి 240 పెన్నీలు అనే లెక్క స్థిరపడింది. మనకు రూపాయికి పదహారణాలు ఎలాగో, వాళ్ళకది అలాగ. ఇంగ్లండులో ఆ లెక్క 1971 దాకా నడిచింది! రేకులాంటి ఆ పలుచని పెన్నీలను నేడు అక్కడివాళ్ళు ఎంతో శ్రద్ధగా సేకరిస్తారు. పొలంలో ఒక్కటి దొరికినా, ఏ రాజుది, ఏ ఊళ్ళో అచ్చయింది అని ఆరా తీస్తారు.

ఆ తరువాత పెద్ద గనులు దొరికాయి. 1300లో బొహీమియాలోని కుట్నాహోరా వెండితో ప్రాగ్ గ్రోషెన్ నాణెం వచ్చింది. 1520 నుంచి అదే దేశంలో యోఆకిమ్స్‌తాల్ అనే లోయలో పెద్ద వెండినాణేలు వేశారు. వాటిని ‘తాలర్’ అన్నారు. నేటి ‘డాలర్’ పేరు అందులోంచి పుట్టిందే! 1545లో దక్షిణ అమెరికాలో పొటోసీ వెండికొండ స్పెయిన్‌వారి చేత చిక్కింది. అక్కణ్ణుంచి ఇక వరదే. మన బట్టలు, నీలిమందు, మిరియాలు కొనడానికి పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషు వర్తకులు వెండినాణేలు పెట్టెలకొద్దీ తెచ్చారు.

ఆ నాణేలు ఇక్కడ అలాగే చెల్లలేదు. మొగలాయి టంకశాలల్లో కరిగించి రూపాయలుగా అచ్చువేశారు. 1688లో ఔరంగజేబు సేనలు మన ఆదోనిని పట్టుకున్నాక దానికి ఇంతియాజ్‌గఢ్ అని పేరుపెట్టి, అక్కడా రూపాయలు వేయించారు. ఆ పేరున్న రూపాయి మీ పెట్టెలో ఉంటే, అందులో ఏ బొహీమియా వెండో, పొటోసీ వెండో కలిసి ఉండవచ్చు. ఒకసారి కరిగి తన పుట్టినూరి గుర్తు పోగొట్టుకున్న వెండి అది. ఇప్పుడు మనం మళ్ళీ కరిగిస్తే ఆదోని గుర్తు కూడా పోతుంది గదా!

అందుకే చిన్న మాట. పాత నాణేన్ని చింతపండుతోనో, విభూతితోనో తళతళలాడేట్టు తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. చెవి అతికించి గొలుసుకు వేలాడదీయకండి. నూలుగుడ్డలోనో కాగితపు పొట్లంలోనో వేసి, ఎవరిదో, ఎవరిద్వారా వచ్చిందో చీటీమీద రాసిపెట్టండి. ఇక పునాదులు తవ్వేటప్పుడో, సేద్యంలోనో నాణేల కుండ దొరికితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెట్టి రాత్రికి రాత్రి కరిగించడం నేరమే కాదు, నష్టం కూడా. చట్టంలో కనుగొన్నవారికీ, భూమి సొంతదారుకూ వాటా ఉంది. సర్కారు తీసుకుంటే లోహం విలువకు పైన అయిదోవంతు కలిపి ఇస్తుంది.

ఈసారి అంగడికి వెళ్ళే ముందు మూట విప్పి చూడండి. కడియాలు పోనివ్వండి. అక్షరాలున్న నాణేలను మాత్రం పక్కకు తీసి పెట్టండి.