బేతాళుడి ప్రశ్న

క్రిందటి నెలలో, బొమ్మలు వేసే అలవాటున్న మా విద్యార్థి ఒకడు ఇంగ్లీషు బొమ్మల నవల ఒకటి తెచ్చి యిచ్చాడు. నిండా రెక్కల గుర్రాలు, నిప్పులు కక్కే పాములు, మాట్లాడే చెట్లు. రంగులు కన్నులపండువుగా ఉన్నాయి. గంటలో చదివి మూసేశాను. మనసులో ఏమీ మిగలలేదు. "బొమ్మలు బాగానే ఉన్నాయి గదా మేష్టారూ, ఇంకేం కావాలి?" అన్నాడు. అప్పుడు జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకోవడానికే.

అద్భుత కథలకు మన దేశంలో ప్రసిద్ధమైన మూలం గుణాఢ్యుని బృహత్కథ. ఆ మూలం నశించింది. దాని పుట్టుపూర్వోత్తరాలను 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పాడు. సంస్కృతం రాక రాణి ముందు నవ్వులపాలైన శాతవాహన రాజు పట్టుబట్టి ఆ భాష నేర్చాడు. ఆ చదువు విషయమై పందెం కాసి ఓడిన గుణాఢ్యుడు సంస్కృతాన్ని వదిలి, పైశాచిలో, తన నెత్తురుతో 7 లక్షల శ్లోకాలు రాశాడు. పిశాచ భాష అని రాజు తిరస్కరించాడు. కవి ఒక్కొక్క పత్రమే చదివి మంటలో వేస్తూంటే అడవి జంతువులు మేత మాని కన్నీళ్లతో విన్నాయట. వంటశాలకు వచ్చే మాంసం ఎండిపోయి రాజు జబ్బుపడితేగాని సంగతి బయటపడలేదు. అప్పటికి మిగిలింది లక్ష.

ఇది ఐతిహ్యమే, చరిత్ర కాదు. కాని కథకు మొదటి శత్రువు ఆస్థానమేనన్న ఎరుక ఇందులో ఉంది.

ఆ గ్రంథంలోనే ఉన్న బేతాళ కథలు 25. శవంలో దూరిన బేతాళుడు రాజు భుజమెక్కి ధర్మసందేహం అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎంతటి రాజైనా బరువు మోయాలి, జవాబు చెప్పాలి. 1947 జూలైలో పుట్టిన చందమామ ఆ పాత కథలు అయిపోయాక కూడా దశాబ్దాల తరబడి కొత్తవి అల్లింది. కత్తి చేతబట్టి శవాన్ని భుజాన మోసే రాజు బొమ్మను శంకర్ గీశాడు. 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు అభ్యుదయవాది. అయినా బేతాళుణ్ణి వెళ్లగొట్టలేదు.

ఈ కథలు నిర్దోషమైనవని నేననను. ప్రశ్న బేతాళుడిదైనా తీర్పు దాదాపు ప్రతిసారీ రాజు నోటనే వస్తుంది. మందారవతి ఎవరికి చెందాలని ముగ్గురు యువకులు వాదులాడే కథలో ఆ పిల్లను అడిగినవాడు లేడు.

ఇప్పుడు నా విద్యార్థికి జవాబు చెప్పగలను. నీవిచ్చిన పుస్తకంలో జీవులు ఎగురుతాయి, మండుతాయి. ఎవరినీ ఏమీ అడగవు. మన బేతాళుడు రాజును అడిగాడు. మందారవతిని కూడా అడిగే బేతాళుణ్ణి నీ తరమైనా గీయాలి.