చిల్లరలో చరిత్ర: మర్పల్లి ప్రాంత చలామణిలో స్మారక నాణేలు – గుర్తింపు, విలువ

వ్యాససంగ్రహం:
దైనందిన చిల్లరలో కనిపించే స్మారక నాణెం గ్రామీణ వ్యవహారంలో రెండు విధాల అపార్థానికి గురవుతున్నది. కొందరు దానిని నకిలీగా భావించి నిరాకరిస్తున్నారు. మరికొందరు లక్షల విలువైనదని నమ్మి మోసపోతున్నారు. రెండింటికీ మూలం నాణెంపై ఉన్న అపరిచిత రూపమే. వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ నాణేలను గుర్తించే పద్ధతిని, వాటి వాస్తవ విలువను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్మారక నాణెం, టంకశాల గుర్తు, హాలీ సిక్కా, ముఖవిలువ, చలామణి.

1. ప్రవేశిక

మర్పల్లి వికారాబాద్–పర్లి రైలుమార్గంలోని మండలకేంద్రం. ఆ మార్గమే జహీరాబాద్, బీదర్‌ల మీదుగా మరాఠ్వాడాకు సాగుతుంది. అందువల్ల తెలుగు, కన్నడ, మరాఠీ ప్రాంతాల చిల్లర ఇక్కడ కలిసే వీలున్నది.

ఈ ప్రాంతానికి రెండు రకాల డబ్బు కొత్త కాదు. నిజాం పాలనలో ఇక్కడ చార్మినార్ బొమ్మతో హాలీ సిక్కా చెల్లింది. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు ముగిసింది. ఏ నాణెం ఎక్కడ, ఎంతకు చెల్లుతుందో లెక్కగట్టడం అప్పటివారికి నిత్యవ్యవహారం. నేటి వినియోగదారునికి ఆ అలవాటు తప్పింది.

2. స్మారక నాణెం – భ్రమలు

స్వతంత్ర భారతదేశంలో స్మారక నాణేల పరంపర 1964లో నెహ్రూ స్మృత్యర్థం వెలువడిన రూపాయి, యాభై పైసల నాణేలతో మొదలైంది. 1969లో గాంధీ శతజయంతికి ఇరవై పైసల నుండి పది రూపాయల వరకు నాణేలు వచ్చాయి. ఆ తరువాత ఆసియా క్రీడలు (1982), అంబేద్కర్ శతజయంతి (1990), ప్రపంచ తమిళ మహాసభ (1995), భారతీయ రైల్వేల నూటయాభై ఏళ్ళ పండుగ (2003) నాణేలకెక్కాయి. లాంతరు పట్టుకున్న ఏనుగు బొమ్మ గల రైల్వే రెండు రూపాయల నాణేన్ని చూసి ఆటబొమ్మ అనుకొన్నవారూ ఉండవచ్చు. 2015లో సర్వేపల్లి రాధాకృష్ణన్ నూట ఇరవైఐదవ జయంతికి పది రూపాయల నాణెం వెలువడింది.

వింతగా కనిపించినంత మాత్రాన ప్రతి నాణెమూ స్మారకం కాదు. 2007 ప్రాంతంలో వచ్చిన చేతిముద్రల నాణేలు సాధారణ శ్రేణికి చెందినవి. జాతీయ సమైక్యత పేరిట భారతదేశ పటంతో 1982లో వచ్చిన రెండు రూపాయల నాణేనిది మరో కథ. మొదట సందర్భం కోసం పుట్టిన ఆ రూపం తరువాత పదకొండు కోణాలు సంతరించుకొని 2004 వరకు మామూలు చిల్లరగానే నడిచింది. స్మారకానికి, సాధారణానికి మధ్య గీత అంత పలుచనిది.

3. గుర్తించే విధం

అశోకస్తంభపు సింహాలు, ముఖవిలువ ఒకవైపు ఉంటాయి. రెండవ వైపున వ్యక్తి లేదా సంస్థ పేరు, సందర్భం, సంవత్సరం కనిపిస్తాయి. నిర్ణయానికి మొదటి ఆధారం ఈ లేఖనమే. సంవత్సరం కింద టంకశాల గుర్తును చూడాలి. నక్షత్రం హైదరాబాదుకు, వజ్రాకృతి ముంబయికి, గుండ్రని చుక్క నోయిడాకు సంకేతం. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదులో ఆధునిక రూపం దాల్చి, 1950లో కేంద్రప్రభుత్వం చేతికి వచ్చి, 1997లో చర్లపల్లికి మారింది. చార్మినార్ నాణేన్ని ముద్రించిన సంస్థ వారసత్వమే ఈ నక్షత్రం.

తరువాతి పరీక్ష లోహం. 2004 నాటి లాల్ బహదూర్ శాస్త్రి ఐదు రూపాయల నాణెం రాగి–నికెల్ మిశ్రమంలోనూ, స్టెయిన్‌లెస్ స్టీల్‌లోనూ ఉన్నది. బొమ్మ ఒకటే అయినా స్టీలు నాణెం అయస్కాంతానికి అతుక్కుంటుంది, మరొకటి అతుక్కోదు. సేకర్తకు ఇవి రెండు వేరువేరు నాణేలు.

4. విలువ ఎంత?

నాణెం ధరను నిర్ణయించేవి ముద్రించిన సంఖ్య, అరుగుదల, టంకశాల, కొనేవారి ఆసక్తి. పై నాణేలలో చాలావరకు విస్తారంగా ముద్రించినవే. చేతులు మారి అరిగిన నాణెం ముఖవిలువకు దగ్గరలోనే ఉంటుంది. మెరుగు కోసం చింతపండుతో తోమితే ఆ కాస్త అదనపు విలువ కూడా పోతుంది. సేకర్తకు కావలసింది నాణెం సహజమైన పైపొర.

వెండి సంగతి వేరు. 1969 గాంధీ పది రూపాయల నాణెం పదిహేను గ్రాములు. అందులో ఎనభై శాతం వెండి. హాలీ రూపాయిలోనూ వెండి అధికమే. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన ఎన్.టి. రామారావు వంద రూపాయల నాణెంలో సగం వెండి. అయితే దానిని సేకర్తలు టంకశాల నుండి కొనుక్కోవలసిందే. చిల్లరలో అది రాదు.

వైష్ణోదేవి బొమ్మ గల ఐదు, పది రూపాయల నాణేలు లక్షలు పలుకుతాయన్న ప్రచారం ఈ వాస్తవాలకు విరుద్ధం. ఈ తరహా ప్రకటనల మోసం నాణెంలో కాదు, దానిని కొంటామంటూ ముందుగా అడిగే రుసుములో ఉంటుంది. తమ పేరును, చిహ్నాన్ని వాడుకొని పాత నాణేల, నోట్ల లావాదేవీలకు కమీషను, పన్ను అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న హెచ్చరించింది.

5. నిరాకరణ

ఇదే నాణేనికి అంగడిలో ఎదురయ్యే అనుభవం దీనికి పూర్తిగా తలకిందులు. పది రూపాయల నాణేలలో రూపాయి చిహ్నం లేనివి, పైగీతల సంఖ్య మారినవి చెల్లవన్న వదంతి తెలుగు రాష్ట్రాలలోనూ బలంగా వ్యాపించింది. పద్నాలుగు రూపాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ప్రకటించింది. వాటిలో స్మారక రూపాలే ఎక్కువ. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు మించిన నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకు చట్టబద్ధ చెల్లింపు. ఇరవై ఐదు పైసలు, అంతకు తక్కువవి మాత్రం 2011 జూన్ 30 నుండి చెల్లవు. కూరగాయలమ్మే మనిషి పది రూపాయల నాణేన్ని తిప్పిపంపితే ఆ రోజు నష్టపోయేది కొన్నవాడొక్కడే కాదు. సరుకు అమ్ముడుపోక ఆమె కూడా.

6. స్థానిక నమోదు అవసరం

జగిత్యాల జిల్లా కోటిలింగాలలో నేలపై దొరికిన నాణేలే గోభద, నారన, సమగోప అనే రాజుల పేర్లను చరిత్రకు అందించాయి. అవి దొరికినచోటు తెలియడం వల్లనే ఆ పేర్లను ఆ ప్రాంతానికి ముడిపెట్టగలిగారు. ఆధునిక నాణేనికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. చోటు తెలియని రాధాకృష్ణన్ నాణెం పది రూపాయలు మాత్రమే. ఫలానా సంవత్సరం ఫలానా సంతలో, నక్షత్రపు గుర్తుతో, ఇంత అరుగుదలతో లభించిందని నమోదైతే, మర్పల్లికి చిల్లర ఏ దిక్కు నుండి వచ్చిందో అది చెప్పగలదు. పాఠశాల నోటుపుస్తకం, ఒక అయస్కాంతం, భూతద్దం ఈ పనికి చాలు. తేదీ, స్థలం, ముఖవిలువ, సందర్భం, టంకశాల గుర్తు రాసుకొన్నాక నాణేన్ని ఖర్చుపెట్టినా ఇబ్బంది లేదు.